బీరువాలోని పాత చీర ఏ గుడ్డ? తేల్చే పద్ధతులు, మోసపోయే చోట్లు

అమ్మమ్మ చీరను మనవరాలికి లాంగ్ ఫ్రాక్‌గా కుట్టించడం ఇప్పుడు విజయవాడ, గుంటూరు బొటీకుల్లో బాగా నడుస్తున్న పని. లబ్బీపేటలో అయినా, అరండల్‌పేటలో అయినా చీర మడత విప్పగానే మాస్టర్ అడిగేది "ఏ గుడ్డండీ ఇది?" అనే. దానికి వచ్చే జవాబు కూడా ఇంచుమించు ఒకే రకం: "ఏమోనండీ, అమ్మమ్మ పెళ్ళినాటిది, పట్టే అయ్యుంటుంది." అక్కడితో వదిలేస్తే పని చెడుతుంది. ఎసిటేట్ అనే కృత్రిమ పోగుతో చేసిన గుడ్డ మీద నూలు బట్టకు పెట్టేంత వేడితో ఇస్త్రీ పెడితే గుడ్డ పెట్టెకు అంటుకుని ఊడొస్తుంది. రేయాన్‌ను తడిపి గట్టిగా పిండితే చిరుగుతుంది. కుదించుకుపోని పాలిస్టర్ జార్జెట్ కింద తడపని నూలు లైనింగ్ వేస్తే మొదటి ఉతుకులోనే ఫ్రాక్ అంచు ముడతలు పడి పైకి లేస్తుంది. కాబట్టి కత్తెర పెట్టకముందే గుడ్డ సంగతి తేల్చుకోవాలి.

తేల్చడం కష్టమయ్యేది ముఖ్యంగా పేర్ల వల్ల. పాత బట్టల గురించి ఇళ్ళలో మిగిలే పేర్లు ఒక్కొక్కటి ఒక్కో సంగతి చెబుతాయి. జార్జెట్, షిఫాన్, క్రేప్, శాటిన్, వాయిల్ అన్నవి గుడ్డ నేసిన తీరును, పోగుకు పెట్టిన పురిని చెబుతాయి తప్ప ఆ పోగు దేనితో తయారైందో చెప్పవు. జార్జెట్ పట్టుతో ఉంటుంది, రేయాన్‌తో ఉంటుంది, నైలాన్‌తో ఉంటుంది, ఇప్పుడైతే ఎక్కువగా పాలిస్టర్‌తో ఉంటుంది. టెర్లిన్ (పాలిస్టర్‌కే ఒక వ్యాపార పేరు), నైలాన్, రేయాన్ అన్నవి మాత్రం పోగు సంగతి. మంగళగిరి, వెంకటగిరి, గద్వాల అంటే ఊరు. విమల్ అంటే రిలయన్స్ వాళ్ళ బట్టల బ్రాండు, బిన్నీ అంటే కంపెనీ. వీటికి తోడు షాపుల వాడుక ఒకటి. విజయవాడ వస్త్రలత కాంప్లెక్స్‌లో "ప్యూర్ జార్జెట్" అని చూపించే చీరలన్నీ పట్టు జార్జెట్లు కావు, వాటిలో రేయాన్‌వి కూడా ఉంటాయి. అక్కడ "ప్యూర్" అంటే చాలాసార్లు "పాలిస్టర్ కాదు" అనే అర్థం చెప్పుకోవాలి. "ఆర్ట్ సిల్క్" అనే మాటలో ఆర్ట్ అంటే కళ అనుకుని ముచ్చటపడినవాళ్ళు తక్కువేమీ కాదు. అది ఆర్టిఫిషియల్‌కు పొట్టిపేరు.

కాబట్టి పేరును పక్కనబెట్టి మూడు సంగతులు విడివిడిగా చూడాలి. ఆ బట్ట ఏ కాలంది? ఎలా నేసింది? పోగు ఏమిటి? మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. 1950లో పెళ్ళయిన ఆవిడ పెళ్ళి చీర అని చెప్పేది పాలిస్టర్‌గా తేలితే పరీక్షైనా తప్పు, చెప్పిన కథైనా తప్పు. ఎక్కువగా తప్పేది కథే. పెళ్ళి చీరలు, శ్రీమంతం చీరలు, మనవడి బారసాల చీరలు అన్నీ ఒకే ట్రంకు పెట్టెలో ఉండి, యాభై ఏళ్ళలో కలగాపులగమైపోతాయి.

కాలం దగ్గర మొదలుపెడితే సగం అనుమానాలు అక్కడే తీరతాయి. పత్తి, పట్టు, ఉన్ని ఎప్పుడూ ఉన్నవే. మనిషి తయారుచేసిన పోగుల్లో వాడకంలో ముందు నిలదొక్కుకున్నది రేయాన్. రేయాన్‌లో ముఖ్యరకమైన విస్కోస్‌ను చెక్క గుజ్జు నుంచి తీసే పద్ధతికి ఇంగ్లండులో 1892లో పేటెంటు తీసుకున్నారు, 1905 నుంచి అక్కడ పెద్ద ఎత్తున తయారీ మొదలైంది. మన దేశంలో రేయాన్ నూలు తీయడం 1950లో కేరళలోని ట్రావన్‌కోర్ రేయాన్స్‌తో మొదలు. అంతకుముందు మగ్గాల మీదికి వచ్చిందంతా దిగుమతి సరుకే. తెలుగు నేల మీద కూడా ఇలాంటి మిల్లు ఒకటి నడిచింది. సిర్పూర్ కాగజ్‌నగర్‌లోని సర్‌సిల్క్‌లో ఎసిటేట్ నూలు తీసేవారు. అందుకని పాత పెట్టెలో మెరిసే చీర కనపడి అది పట్టు కాదని తేలితే ఎసిటేట్‌ను మర్చిపోకూడదు. ఈ తరానికి ఆ పేరే తెలియదు గానీ, ఒకప్పుడు లైనింగుల్లో, శాటిన్ గుడ్డల్లో అది బాగా వాడుకలో ఉంది.

నైలాన్‌ను అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ 1938లో ప్రకటించి, 1940లో మేజోళ్ళుగా బజారులో పెట్టింది. పాలిస్టర్‌ను ఇంగ్లండులో 1941లో కనిపెట్టారు. మన దగ్గర నైలాన్ నూలు తయారీ 1960ల మొదట్లో, పాలిస్టర్ తయారీ 1960ల నడుమ మొదలయ్యాయి. విదేశీ నైలాన్ చీరలు అంతకుముందే ఉన్నవాళ్ళ ఇళ్ళలోకి వచ్చాయి. నైలెక్స్ చీరలు, టెర్లిన్ చొక్కాలు, పాలిస్టర్, పత్తి కలిపిన టెరికాటన్ ప్యాంట్లు మధ్యతరగతి ఇళ్ళలో నిండింది ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో. రిలయన్స్ వాళ్ళ నరోడా మిల్లు 1966లో మొదలైంది కాబట్టి విమల్ ముద్ర ఉన్న చీర అంతకంటే పాతది కాదు. సాగే లైక్రా పోగును 1958లో కనిపెట్టారు, మన జాకెట్టు గుడ్డల్లోకి అది చేరింది చాలా ఆలస్యంగా.

ఈ తేదీలను ఒకవైపు నుంచి మాత్రమే వాడుకోవాలి. పాలిస్టర్ ఉంటే బట్ట ఫలానా ఏటికి తర్వాతిదని చెప్పొచ్చు. లేకపోతే మాత్రం ఏమీ చెప్పలేం, మేలైన నూలు చీర నిన్న నేసింది కూడా కావచ్చు. కుట్టుదారం విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. 1940ల నాటి జాకెట్టులో పాలిస్టర్ దారం కనపడితే జాకెట్టు పాతది కాదని కాదు, ఎప్పుడో సైజు విప్పి మళ్ళీ కుట్టించారని. సైడు కుట్ల లోపల పాత దారపు తునకలు మిగిలి ఉన్నాయేమో చూస్తే అసలు సంగతి తేలిపోతుంది.

కుట్టని తానుల మీద, లాంగ్ క్లాత్ మీద, పంచెల మీద అంచు వెంబడి మిల్లు ముద్రలు ఉంటాయి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు సరుకు, ఎందుకంటే ఆ నెలలోనే పైసల లెక్క వచ్చింది. పొడవు గజాల్లో ఉంటే మెట్రిక్ కొలతలు స్థిరపడక ముందుది, అంటే సుమారుగా 1960ల మొదటి ఏళ్ళ వరకు. సిల్క్ మార్క్ 2004లో, హ్యాండ్‌లూమ్ మార్క్ 2006లో వచ్చాయి. నిజంగా పాత చీర మీద ఆ చీటీలు ఉండవు. అవి లేనంత మాత్రాన పట్టు కాదనీ, చేనేత కాదనీ అనుకోవడం ఈమధ్య కొందరు చేస్తున్న తప్పు.

ఇక చేత్తో, కంటితో చూడటం. ఇక్కడ రెండు నమ్మకాలను ముందే పక్కన పెట్టాలి. చీర మొత్తం ఉంగరంలోంచి దూరితే పట్టే అని ఒకటి. పల్చటి పాలిస్టర్ షిఫాన్ అంతకంటే సులువుగా దూరుతుంది, బరువైన పట్టుచీర దూరనే దూరదు. మెరిస్తే పట్టు అన్నది రెండోది. పత్తి నూలును బిగువుగా పట్టి కాస్టిక్ సోడాలో ముంచి తీస్తే చక్కని మెరుపు వస్తుంది, దాన్నే మెర్సరైజ్డ్ నూలు అంటారు. జాకెట్టు ముక్కల్లో "టూ బై టూ రూబియా" నునుపుగా, కాస్త మెరుస్తూ ఉండటానికి అదే కారణం. రూబియాలో పోగు ఒకటి బయటికి లాగి పురి విప్పితే రెండు సన్న పాయలు విడిపోతాయి. పడుగులో, అంటే నిలువు పోగులో రెండు పాయలు, పేకలో, అంటే అడ్డపోగులో రెండు పాయలు, టూ బై టూ అన్నది ఆ లెక్కే. ఈ ముక్కలో పడుగుగానీ పేకగానీ ఒంటి పాయగా తేలితే అది పేరుకే రూబియా. టెరి రూబియా అనేది వేరే ఉంది, అందులో పాలిస్టర్ కలుస్తుంది.

నీటి చుక్క చాలా సంగతులు చెబుతుంది. పోగులు గాలిలోని తేమను పీల్చే శాతానికి బట్టల వ్యాపారంలో ఒప్పుకున్న లెక్కలున్నాయి. పత్తికి 8.5, పట్టుకు 11, విస్కోస్ రేయాన్‌కు 13. నైలాన్‌కు 4.5, పాలిస్టర్‌కు 0.4 మాత్రమే. విజయవాడ ఎండాకాలంలో పాలిస్టర్ చీర ఒంటికి అంటుకుపోయి ప్రాణం తీయడం ఈ 0.4 మహిమే. చెమట పోగులోకి వెళ్ళదు, గుడ్డకూ ఒంటికీ మధ్య నిలిచిపోతుంది. పలుమార్లు ఉతికిన నూలు గుడ్డ మీద చుక్క వేస్తే చటుక్కున ఇంకి చుట్టూ పాకుతుంది. పాలిస్టర్ మీద చాలాసేపు గుండ్రంగా నిలుస్తుంది. ఉతకని గుడ్డ మీద మాత్రం దీన్ని నమ్మకూడదు, గంజి, మిల్లు పూత రెండూ నీటిని ఆపుతాయి. పట్టు మీద చుక్క వేస్తే మరక మిగిలే ప్రమాదం ఉంది కాబట్టి ఫాల్ కింద కనపడని చోట చూడటం మేలు.

చేనేతా, మిల్లు గుడ్డా అన్నది అంచు చెబుతుంది. మగ్గం మీద నేసేటప్పుడు గుడ్డ లోపలికి గుంజుకుపోకుండా అడ్డంగా బద్ద పెడతారు, దాని కొసల్లోని సూదులు అంచులో సన్నటి చిల్లుల వరస వదులుతాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కనపడతాయి. మరమగ్గాల మీద కూడా ఇలాంటి గుర్తులు పడొచ్చు గానీ అవి మరీ లెక్కగా, ఒకే దూరంలో ఉంటాయి. చేతి మగ్గం గుడ్డలో పేక అక్కడక్కడా దగ్గరగా, అక్కడక్కడా వదులుగా పడి ఉంటుంది. మంగళగిరి గుంట మగ్గం మీద నేసిన చీర ఒళ్ళంతా సాదాగా, గట్టిగా, అంచులో చిన్న గోపురాల వరసతో ఉంటుంది. ఆ నేత చూడగానే "నూలు" అని తీర్మానించేయడం ఒకప్పుడు చెల్లింది. ఇప్పుడు మంగళగిరిలో పట్టు కలిసినవి కూడా నేస్తున్నారు.

పోగు పరీక్షలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పుకోవాలి. పడుగు పోగు, పేక పోగు విడివిడిగా తీయాలి. ఒళ్ళు, అంచు, కొంగు మూడు చోట్ల నుంచీ తీయాలి. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒక్క అంచు పోగు కాల్చి చూసినవాళ్ళు మొత్తం పట్టు అంటారు, ఒళ్ళు పోగు చూసినవాళ్ళు పట్టే లేదంటారు, ఇద్దరూ చూసింది నిజమే. పట్టూ నూలూ కలిపి నేసే సీకో చీరల్లో పడుగు ఒకటి, పేక ఇంకొకటి. హైదరాబాదు వైపు పాత షేర్వానీల్లో కనపడే మష్రూ గుడ్డ పైకి పట్టు, ఒంటికి తగిలే వైపు నూలు. పట్టులాగా మెరుస్తూ లోపలివైపు మెత్తగా, మందంగా తగిలితే దాన్ని అనుమానించాలి. నాలుగు దిక్కుల నుంచి నాలుగు పోగులు తీసి, కాగితం మీద విడివిడిగా అంటించి, పక్కన "ఒళ్ళు పడుగు", "అంచు పేక" అని రాసుకోవడం చాదస్తంగా కనపడొచ్చు గానీ, రెండో చీర దగ్గరికి వచ్చేసరికి దాని విలువ తెలుస్తుంది. పోగులు తీయడానికి చీరలో అయితే లోపలి కొస, జాకెట్టులో అయితే చంక కింది కుట్టు మడత, పరికిణీలో అయితే నాడా పట్టీ లోపలి భాగం.

తీసిన పోగును కాల్చేలోపు తడిపి చూడాలి. ఈ పరీక్షకు రావలసినంత పేరు రాలేదు. జానెడు పోగు మధ్యలో నీటి చుక్క అంటించి రెండు కొసలూ పట్టి లాగితే, అది రేయాన్ అయితే సరిగ్గా తడిసిన చోటే తెగుతుంది. తడిస్తే విస్కోస్ బలం సగానికి దగ్గరగా పడిపోతుంది. పత్తి తడిస్తే గట్టిపడుతుంది కాబట్టి పొడిగా ఉన్నచోట తెగుతుంది. నిప్పు పరీక్షలో పత్తీ, రేయానూ రెండూ కాగితం కాలిన వాసనే ఇస్తాయి, అక్కడ వీటిని విడదీయడం అలవాటు పడినవాళ్ళకే కష్టం. నీటి చుక్క విడదీస్తుంది. పాత గుడ్డ ఎక్కడైనా చివికి ఉండొచ్చు కాబట్టి ఒక్క పోగుతో తీర్పు చెప్పకుండా నాలుగైదు తెంపి చూడాలి.

నిప్పు పరీక్ష అందరికీ తెలిసిందే, అందుకే ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. పోగును పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ళు పోసిన స్టీలు పళ్ళెం పెట్టుకుని కాల్చాలి. ఫ్యాన్ ఆపాలి. కరిగిన నైలాన్ చుక్క చర్మం మీద పడితే అంటుకుని కాలుస్తుంది, చేత్తో పట్టుకుని అగ్గిపుల్ల గీయడం తెలివితక్కువ పని. ఒక్క పోగు కంటే ఐదారు పోగులు పేనిన సన్నటి వత్తి అయితే ఫలితం బాగా తెలుస్తుంది. గంజి, ఫినిషింగ్ పూత ఉంటే ముందు వేడినీళ్ళలో జాడించి ఆరబెట్టాలి. బీరువాలో కలరా ఉండల మధ్య ఏళ్ళ తరబడి ఉన్న చీర అయితే ఒక రోజు గాలికి ఆరేశాకే ముక్కును నమ్మాలి.

పత్తి మంట నుంచి వెనక్కి తగ్గదు, పసుపు మంటతో చకచకా కాలుతుంది. ఆర్పాక కూడా కొసలో నిప్పుకణిక కాసేపు పాకుతుంది. మిగిలేది వేలు తగిలితే పొడైపోయే తేలికైన బూడిద. రేయాన్ అంతకంటే వేగంగా కాలి దాదాపు ఏమీ మిగల్చదు. పట్టు మంట దగ్గరికి తేగానే ముడుచుకుంటుంది, చిటపటమంటూ నెమ్మదిగా కాలుతుంది, మంట తీసేస్తే తనంత తనే ఆరిపోతుంది. వెంట్రుక కాలిన వాసన వస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయ్యే నల్లటి గుండు మిగులుతుంది. ఉన్నిదీ ఇదే తీరు. నైలాన్, పాలిస్టర్ రెండూ కాలకముందే కరిగి మంట నుంచి వెనక్కి జరుగుతాయి, నలగని గట్టి పూస మిగులుతుంది. పాలిస్టర్ పొగ నల్లగా, మసితో ఉంటుంది, దాని వాసన కొంచెం తీపిగా తోస్తుంది. నైలాన్ పూస లేత గోధుమ రంగుకు దగ్గరగా ఉంటుంది. రంగు వేసిన పోగుల్లో ఈ తేడా నమ్మదగింది కాదు. ఎసిటేట్ కరుగుతూ కాలుతుంది, సాయంత్రం బండి దగ్గర నూడుల్స్‌లో పోసే వెనిగర్ వాసన కొడుతుంది. ఎక్రిలిక్ చిటపటలాడుతూ వేగంగా మండి గరుకైన నల్లటి ముద్ద వదులుతుంది. స్వెట్టర్లలో, శాలువాల్లో ఉన్ని అనుకునేది తరచుగా ఇదే.

టెరికాటన్ దగ్గర ఈ లెక్కలన్నీ తారుమారు. మన మిల్లులు ఎక్కువగా వాడిన పాళ్ళు పాలిస్టర్ 67, పత్తి 33. వెలిగిస్తే కాగితం వాసన వస్తుంది, పత్తిలాగే మండుతుంది, పక్కకు జరగదు. ఎందుకంటే లోపలి పత్తి దీపపు వత్తిలా నిలబడుతుంది, కరిగిన పాలిస్టర్ దానికి నూనె అవుతుంది. అందుకే రెండూ విడివిడిగా ఉన్నప్పటి కంటే కలిసినప్పుడు మంట ఉధృతంగా ఉంటుంది. ముక్కుతో తీర్పు చెప్పేవాళ్ళు ఇక్కడ "నూలే" అంటారు. బూడిదను వేళ్ళ మధ్య నలిపి చూస్తేనే లోపల ఇసుక రేణువుల్లాంటి గట్టి పూసలు తగులుతాయి. బూడిద నలపకుండా నిప్పు పరీక్ష పూర్తి కానట్టే. 1970ల ప్యాంటు గుడ్డల్లో పాలిస్టర్‌తో విస్కోస్ కలిపినవీ ఉన్నాయి, వాటి తీరూ ఇదే కాబట్టి రెండోది పత్తో, విస్కోసో ఇంట్లో తేలదు. తేలకపోయినా ఉతకడానికి, ఇస్త్రీకి వచ్చే నష్టం లేదు.

అనుమానం మిగిలిన చోట రెండు రసాయనాలు ఇంట్లోనే దొరుకుతాయి. ఎసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఎసిటేట్ పోగు జిగురుగా మారి కరిగిపోతుంది, పట్టు, పత్తి, రేయాన్, పాలిస్టర్‌లకు ఏమీ కాదు. సీసా మీద "ఎసిటోన్ లేదు" అని రాసి ఉంటే అది ఈ పనికి రాదు. రెండోది బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్. గాజు గిన్నెలో కొంచెం పోసి పట్టు పోగు వేస్తే బుడగలు లేచి పది ఇరవై నిమిషాల్లో కరుగుతుంది, ఉన్నీ అంతే. పత్తి రంగు పోగొట్టుకుంటుంది గానీ ఆ కాసేపట్లో కరగదు, పాలిస్టర్ చెక్కుచెదరదు. బాత్‌రూమ్ క్లీనర్లలో చాలావాటిలో ఆమ్లం ఉంటుంది, దాన్నీ బ్లీచ్‌నూ ఒకే గిన్నెలో కలిపితే విషవాయువు పుడుతుంది. కిటికీ తీసి ఒక్క బ్లీచ్‌తోనే చూడాలి. చీర మీద చుక్క వేయడం అసలే వద్దు, తీసిన పోగు మీదే ప్రయోగం.

జరీ సంగతి వేరే. "పాత పట్టుచీరలు కొంటాం" అని మైకు పెట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు కొనేది పట్టును కాదు, జరీలోని వెండిని. వాళ్ళు చూసే తీరు నేర్చుకోదగ్గది. అంచు కొసలోంచి జరీ పోగు లాగి గోటితో పైపొర విప్పుతారు. అసలు జరీ అంటే వెండి తీగను రేకులా చదును చేసి, ఎరుపో నారింజో రంగు వేసిన పట్టు దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పెట్టింది. అందులో బంగారం నూటికి ఒక వంతు కూడా ఉండదు. రేకు విప్పగానే ఎర్రటి మెత్తని పట్టు దారం కనపడితే ఆశ పెట్టుకోవచ్చు. రేకు లోపల రాగి ఎరుపు బయటపడితే అది వెండి పూత పెట్టిన రాగి తీగ, వ్యాపారంలో టెస్టెడ్ జరీ అంటారు, లోపలి దారం తరచుగా పాలిస్టరో, రేయానో అయి ఉంటుంది. మూడో రకం లోహమే కాదు, మెరుపు పూసిన పాలిస్టర్ పొరను సన్నగా కత్తిరించింది. కాలిస్తే వెండి జరీలో దారం కాలిపోయి, మెత్తగా వంగే తీగ మిగులుతుంది. ప్లాస్టిక్ జరీ కరిగి పూసవుతుంది.

వయసు మీద పడిన తీరు కూడా చెబుతుంది. వెండి జరీ గాలిలోని గంధకానికి నల్లబడుతుంది, నల్లబడిందని బాధపడేవాళ్ళకు అది నిజానికి మంచి వార్త. రాగి జరీ చెమట తగిలే చోట పచ్చగా చిలుము పడుతుంది. ప్లాస్టిక్ జరీ నల్లబడదు, మెరుపు పొర రాలి తెల్లగా వెలిసిపోతుంది. వెండి బరువుకు లెక్కగట్టి ఇచ్చే డబ్బు చూసి పాత వెంకటగిరి చీరల్ని కూడా అమ్మేస్తున్నారు. అంత సన్నటి నూలు నేత విలువ ఆ తక్కెడలో లెక్కకు రాదు, అమ్మేముందు నేత సంగతి తెలిసినవాళ్ళకు ఒకసారి చూపించడం నష్టం కాదు.

గుడ్డ పాడైన తీరు చూసి కూడా చాలావరకు పసిగట్టొచ్చు. గంజి పెట్టి దాచిన నూలు చీరను, రేయాన్‌ను వెండిపురుగు పైపైన గీకి తింటుంది. పట్టు మీద, ఉన్ని మీద గుండ్రటి కన్నాలు పడితే ఆ పని వేరే పురుగుది, జంతు సంబంధమైన పోగులే తినే చిన్న నల్లి లాంటి పెంకుపురుగు పిల్లలది. ఒకే పెట్టెలో పక్కపక్కన ఉన్న రెండు చీరల్లో ఒకటే తినేసి ఉంటే అది ఊరికే జరగదు. పట్టుచీర మడతల వెంబడి గీత గీసినట్టు చిట్లుతుంది, జరీ బరువు పడే కొంగు దగ్గర ముందుగా. పాలిస్టర్ ఎన్నేళ్ళైనా చివకదు, రంగు కూడా అలాగే ఉంటుంది. యాభై ఏళ్ళ బట్ట అని చెబుతూ అనుమానం వచ్చేంత కొత్తగా ఉంటే ముందు పాలిస్టర్ అనుకోవడమే తెలివి. తెల్ల నైలాన్ మాత్రం పసుపెక్కుతుంది, ఎండ తగిలితే బలం కూడా పోతుంది. నీలం ఎసిటేట్ చీర మడత బయటివైపు మాత్రం గులాబి రంగుకు తిరిగి ఉంటే అది ఎండ దెబ్బ కాకపోవచ్చు. పొయ్యిల పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లు ఎసిటేట్ మీది కొన్ని నీలి రంగుల్ని అలా మారుస్తాయి.

కలంకారీది ఇంకో రకం తిప్పలు. బందరు, పెడన అచ్చుల పాత గుడ్డల్లో ఎర్ర పువ్వు నిలిచి ఉండి, దాని చుట్టూ ఉన్న నల్లటి గీత మాత్రం చిల్లులు పడి రాలిపోయి ఉండటం చూస్తాం. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో నానబెట్టి కరక్కాయతో కలిపి తెచ్చిన నలుపు అది. ఆ ఇనుమే ఏళ్ళ మీద నూలును తినేస్తుంది. ఇలా గీత ఊడిన గుడ్డ రసాయన రంగుల ప్రింటు కాదని, పాతదని దాదాపు నమ్మొచ్చు. చీరాల తేలియా రుమాళ్ళు నూనెలో, బూడిద నీళ్ళలో పదేపదే నానబెట్టిన నూలుతో నేసినవి. ఆ నూనె వాసన పాత ముక్కల్లోనూ పోదు. వాటి మీద నీటి చుక్క ఇంకకపోతే పాలిస్టర్ అనేయకూడదు.

ఇంత చేసినా కొన్ని తేలవు. విస్కోస్‌కూ, బెంబర్గ్‌కూ తేడా ఇంట్లో తెలియదు, రెండూ రేయానే, ఒకేలా కాలతాయి. పాళ్ళు ఎంతెంతో చెప్పాలంటే ప్రయోగశాల కావాలి. ఫోనుకు తగిలించుకునే చిన్న మైక్రోస్కోపు ఉంటే పత్తి పోగు మెలితిరిగిన రిబ్బనులా, పట్టు నున్నటి గాజు కడ్డీలా కనపడతాయి. పాలిస్టర్, నైలాన్ రెండూ గొట్టాల్లా ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి వాటి మధ్య తేడాకు అది కూడా సాయపడదు.

కుట్టేవాళ్ళకు కావలసింది మాత్రం దీనికంటే చిన్న ప్రశ్నే. నీళ్ళు పడుతుందా, ఎంత వేడి తట్టుకుంటుంది, ఎక్కడ చిరుగుతుంది? కరిగే రకమని తేలితే ఇస్త్రీ తక్కువ వేడి మీద, పైన నూలు గుడ్డ వేసి పెట్టాలి. రేయాన్ అయితే పిండకుండా, పరిచి ఆరబెట్టాలి. నూలు అయితే చీరనూ, లైనింగునూ రెండింటినీ కత్తిరించే ముందే తడిపి ఆరబెట్టాలి. పట్టు అయితే ఇంటి ఉతుకు మానేసి, పాత మడతల గీతలు ఫ్రాక్ నడుము దగ్గరా, చంక దగ్గరా పడకుండా ముక్కలు తీయాలి. మడత తప్పనిసరిగా పడే చోట కింద సన్నటి మల్లు గుడ్డ ఆసరాగా వేసి, ఆ రెండు పొరల్నీ కలిపి కుట్టాలి.